కంపెనీ చెప్పింది తప్పని తేలింది, సరే. మరి మీ నష్టం ఎంత?

బాక్స్ మీద రాసిన దానికీ చేతికొచ్చిన ఫోన్‌కీ పొంతన లేదంటూ నాకు మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. వాటర్‌ప్రూఫ్ అన్నారు, నీళ్లు తగలగానే పోయింది. 67 వాట్ల ఛార్జింగ్ అన్నారు, మీటర్ పెట్టి చూస్తే సగం కూడా రావట్లేదు. చివర్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "అబద్ధం చెప్పి అమ్మారు కాబట్టి నా డబ్బులు నాకు రావాలి కదా?"

నేను లాయర్‌ని కాదు, ఫోన్ల రివ్యూలు రాసుకునేవాడిని. కానీ ఈ విషయం మీద కోర్టు తీర్పులు చదివాక ఒకటి అర్థమైంది. ఆ మెసేజ్‌లో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కంపెనీ తప్పుదోవ పట్టించిందా అనేది మొదటిది. దానివల్ల మీకు ఎంత నష్టం వచ్చిందనేది రెండోది. మనం మొదటి దానికి స్క్రీన్‌షాట్లు, వీడియోలు, ట్వీట్లు అన్నీ పోగేస్తాం. రెండో దాని దగ్గరికి వచ్చేసరికి మన దగ్గర ఒక్క కాగితం కూడా ఉండదు. డబ్బు తేలేది మాత్రం అక్కడే.

ఈ ఆర్టికల్ మొత్తం ఆ రెండో ప్రశ్న గురించే. ముందు ఆస్ట్రేలియా కేసులు చూద్దాం, ఎందుకంటే "తప్పుదోవ పట్టించే ప్రవర్తన" అనే పాయింట్ మీద అక్కడి కోర్టులు దశాబ్దాలుగా లెక్క తేలుస్తున్నాయి. మెల్‌బోర్న్, సిడ్నీల్లో చదువుకుంటున్న మన తెలుగు రీడర్లకు అది నేరుగా పనికొస్తుంది. తర్వాత మన దేశ చట్టం దగ్గరికి వద్దాం.

శాంసంగ్ కేసు: జరిమానా పడింది, అది ఎవరికి వెళ్లింది?

2016 మార్చి నుంచి 2018 అక్టోబర్ వరకు శాంసంగ్ ఆస్ట్రేలియా కొన్ని గెలాక్సీ ఫోన్లను స్విమ్మింగ్ పూల్‌లో, సముద్రపు నీళ్లలో వాడుకోవచ్చు అనిపించేలా ప్రచారం చేసింది. ఎస్7, ఎస్7 ఎడ్జ్, ఎస్8, ఎస్8 ప్లస్, నోట్ 8, 2017 నాటి ఏ5, ఏ7 ఆ లిస్టులో ఉన్నాయి. అక్కడి వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ 2019లో కేసు వేసింది. పూల్ నీళ్లలోనో సముద్రపు నీళ్లలోనో ముంచిన ఫోన్‌ను పోర్ట్ తడిగా ఉండగానే ఛార్జింగ్‌కి పెడితే ఆ పోర్ట్ తుప్పు పట్టి పాడయ్యే అవకాశం ఉందని కంపెనీ ఒప్పుకుంది. 2022 జూన్‌లో ఫెడరల్ కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

మన రీడర్లు ఇక్కడ గమనించాల్సిన టెక్నికల్ పాయింట్ ఒకటుంది. ఆ ఫోన్లకు ఐపీ68 రేటింగ్ ఉన్న మాట నిజమే. కానీ ఐపీ రేటింగ్‌కి ఆధారమైన ఐఈసీ 60529 ప్రమాణంలో పరీక్ష జరిగేది మామూలు మంచినీళ్లతో. ఉప్పునీళ్లు, క్లోరిన్ నీళ్లు అందులో లెక్కలోకి రావు. అంటే స్పెక్ షీట్‌లో రాసింది అక్షరాలా నిజం, యాడ్ చూస్తే కలిగే భావన మాత్రం తప్పు. చట్టం చూసేది ఆ భావననే. ప్రతి మాటా విడిగా నిజమైనా, మొత్తం కలిసి మనిషిని పొరపాటు పడేలా చేస్తే అది తప్పుదోవ పట్టించడమే.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ 1.4 కోట్ల డాలర్లు వెళ్లేది ప్రభుత్వ ఖజానాకి. జరిమానా ఉద్దేశం కంపెనీని శిక్షించడం, మిగతా కంపెనీలకు భయం పెట్టడం. పోర్ట్ పాడైన ఫోన్ ఓనర్‌కి పరిహారం ఇవ్వడం వేరే దారి. జరిమానా కేసులో రెగ్యులేటర్ ఒక్కొక్క కొనుగోలుదారుడి నష్టాన్ని విడివిడిగా రుజువు చేయనక్కర్లేదు. మీ జేబులోంచి పోయిన డబ్బు కావాలంటే మాత్రం ఆ పని మీరే చేయాలి.

రెండు సెక్షన్లు, మధ్యలో ఒక మాట

ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం 2011 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో 18వ సెక్షన్ వ్యాపారంలో తప్పుదోవ పట్టించే ప్రవర్తన ఉండకూడదంటుంది. ఎవరైనా నిజంగా మోసపోవాల్సిన పని కూడా లేదు, మోసపోయే అవకాశం ఉంటే చాలు. పరిహారం గురించి చెప్పేది 236వ సెక్షన్. ఆ ప్రవర్తన "వల్ల" నష్టం జరిగిన వ్యక్తి ఆ నష్టం మొత్తాన్ని రాబట్టుకోవచ్చు, దావాకి ఆరేళ్ల గడువుంటుంది.

రెండు సెక్షన్లనీ కలిపేది "వల్ల" అనే ఆ చిన్న మాటే. అటు అబద్ధం ఉంది, ఇటు నష్టం ఉంది. మధ్యలో వంతెన కట్టే బాధ్యత అడిగేవాడిది.

మోసం నిజమే, నష్టం సున్నా: జీఐఓ కేసు

1998లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే వాళ్ల సుప్రీంకోర్టు, ఒక హోమ్ లోన్ కేసులో తీర్పు ఇచ్చింది. అప్పటికి పాత చట్టం, ట్రేడ్ ప్రాక్టీసెస్ యాక్ట్ ఉండేది, కానీ సూత్రం అదే. జీఐఓ అనే సంస్థ తన బేస్ రేటు మీద 1.25 శాతం మార్జిన్ మాత్రమే వేస్తామని, లోన్ ఉన్నంతకాలం అంతే ఉంటుందని బ్రోచర్‌లో అర్థం వచ్చేలా చెప్పింది. తర్వాత దాన్ని 2.25 శాతానికి పెంచేసింది. లోన్ తీసుకున్నవాళ్లు కోర్టుకెళ్లారు.

సంస్థ తప్పుదోవ పట్టించిందన్న విషయంలో వాళ్లదే పైచేయి. డబ్బు దగ్గర మాత్రం ఓడిపోయారు. కారణం సింపుల్. పెంచిన రేటుతో కూడా ఆ లోన్ అప్పటి మార్కెట్లో వాళ్లకు దొరికే వేరే లోన్ల కంటే బాగానే ఉంది. నచ్చకపోతే పెనాల్టీ లేకుండా బయటికి వెళ్లే వీలుంది. ఆ బ్రోచర్ లేకపోయుంటే మీరు ఇంతకంటే మంచి స్థితిలో ఉండేవారా అని కోర్టు అడిగింది. ఉండేవాళ్లమని వాళ్లు చూపించలేకపోయారు.

మొదటిసారి చదివినప్పుడు ఈ తీర్పు నాకు అన్యాయంగా అనిపించింది. మాట ఇచ్చి తప్పారు కదా! కానీ కోర్టు లాజిక్ గట్టిది. ఆశించింది దొరక్కపోవడం నిరాశ. మీ చేతిలో ఉన్నది తగ్గిపోవడం నష్టం. ఈ చట్టం లెక్క కట్టేది రెండో దాన్నే.

1986 నాటి సిటీ మ్యూచువల్ కేసులోనూ ఇలాగే జరిగింది. ఒక బిల్డర్ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకున్నాడు. నీ పని నువ్వు చేయలేని పరిస్థితి వస్తే డబ్బు వస్తుందని ఏజెంట్ చెప్పాడు. పాలసీ చూస్తే ఏ పనీ చేయలేని స్థితి వస్తేనే డబ్బు అని ఉంది. ఏజెంట్ మాట నిజమైతే తనకు రావాల్సిన సొమ్ము ఇప్పించమని ఆ బిల్డర్ అడిగాడు. కుదరదన్నారు. ఆ మాట నిజమైతే వచ్చేది కాదు, ఆ మాట అసలు చెప్పకపోయుంటే ఉండే పరిస్థితే కొలత అన్నారు. అసలు విషయం తెలిసుంటే తనకు కావలసిన రక్షణ ఉన్న వేరే పాలసీ కొనేవాడినని అతను రుజువు చేసుంటే కథ మారేది.

రెండు ప్రపంచాల లెక్క

ఈ రెండు తీర్పుల నుంచి మనకు ఒక ఫార్ములా దొరుకుతుంది. ఒక కాగితం మీద రెండు కాలమ్‌లు గీయండి. ఎడమ వైపు నిజంగా జరిగింది. కుడి వైపు ఆ తప్పుడు మాట లేకపోయుంటే జరిగేది. రెండింటి మధ్య తేడానే మీ నష్టం.

లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణ కోసమే. పూల్‌లో ఫొటోలు తీసుకోవచ్చని యాడ్ చూసి మీరు రూ. 27,999 పెట్టి ఒక ఫోన్ కొన్నారు. పూల్‌లో వాడారు, ఛార్జింగ్ పోర్ట్ పోయింది. లిక్విడ్ డ్యామేజ్‌కి వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ రూ. 4,800 బిల్లు వేసింది. ఇప్పుడు ఫోన్ పని చేస్తోంది. ఎడమ కాలమ్: మొత్తం ఖర్చు రూ. 32,799, చేతిలో నీళ్లకు తట్టుకోని ఫోన్.

కుడి కాలమ్ మనిషిని బట్టి మారుతుంది.

1. యాడ్ లేకపోతే అదే కంపెనీలో, దాదాపు అవే స్పెక్స్‌తో, వాటర్ ప్రచారం లేని రూ. 24,999 మోడల్ కొనేవారు. దాన్ని పూల్‌లోకి తీసుకెళ్లేవారు కాదు. నష్టం రూ. 7,800. అందులో రూ. 3,000 ధర తేడా, రూ. 4,800 రిపేర్.

2. కెమెరా నచ్చింది కాబట్టి ఎలాగైనా ఇదే ఫోన్ ఇదే ధరకు కొనేవారు, కానీ పూల్‌లో ముంచేవారు కాదు. నష్టం రూ. 4,800 మాత్రమే.

3. నీళ్లకు నిజంగా తట్టుకునే ఇంకో బ్రాండ్ ఫోన్ రూ. 28,499కి కొనేవారు. అది పూల్‌లో కూడా బతికేది. నష్టం కనీసం రూ. 4,300. దానికి తోడు మీ చేతిలో ఉన్న ఫోన్ విలువ ఎంత తక్కువో ఆ తేడా.

4. యాడ్ మీరు చూడనే లేదు. ఫోన్ పొరపాటున చేయి జారి నీళ్ల బకెట్‌లో పడింది. ఆ ప్రచారం లేకపోయినా ఇదే ఫోన్ కొనేవారు, ఇలాగే పడేది. నష్టం సున్నా.

ఫోన్, యాడ్, రిపేర్ బిల్లు అన్నీ అవే. నాలుగు వేర్వేరు జవాబులు వచ్చాయి. అందుకే "అందరికీ జరిగింది, నాకూ ఇవ్వండి" అంటే కుదరదు. మీ కుడి కాలమ్ మీరే రాయాలి, దానికి రుజువు మీరే చూపాలి.

ఇంకో మాట. పై నాలుగింటిలో ఎక్కడా రూ. 27,999 మొత్తం వెనక్కి రాలేదు. ఫోన్ మీ దగ్గరే ఉంది, వాడుతున్నారు, దానికి విలువ ఉంది. ఈ దారిలో పూర్తి డబ్బు అడగాలంటే అసలు విషయం తెలిసుంటే ఫోనే కొనేవాడిని కాదని చూపాలి, ఫోన్ తిరిగి ఇచ్చేయడానికి సిద్ధపడాలి. అప్పుడు కూడా ఇన్నాళ్లు వాడుకున్నందుకు కొంత తగ్గించే వాదన ఎదురవుతుంది.

గేమర్లకు ఒక ఎక్సర్‌సైజ్: జీటీఎక్స్ 970

పాత గ్రాఫిక్స్ కార్డే, కానీ ఈ పాఠానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. ఎన్‌విడియా 2014 సెప్టెంబర్‌లో జీటీఎక్స్ 970ని 329 డాలర్లకు రిలీజ్ చేసింది. 4 జీబీ మెమరీ అని చెప్పింది. 4 జీబీ ఉన్న మాట నిజమే, కానీ అందులో 3.5 జీబీ పూర్తి స్పీడ్‌తో, మిగతా 0.5 జీబీ చాలా నెమ్మదిగా పని చేస్తాయని 2015 మొదట్లో బయటపడింది. 64 అని చెప్పిన ఆర్‌ఓపీలు 56 అని తేలాయి, 2 ఎంబీ అన్న ఎల్2 క్యాష్ 1.75 ఎంబీ అయింది. అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసు పడింది. 2016లో ఒక్కో కార్డుకు 30 డాలర్లు ఇచ్చేలా సెటిల్‌మెంట్ కుదిరింది.

సెటిల్‌మెంట్ కాబట్టి ఒక్కొక్కరి నష్టం ఎంతో కోర్టు తేల్చలేదు. తేల్చాల్సి వస్తే ఎలా ఉండేదో మనం ఆలోచిద్దాం. స్పెక్ షీట్ చూసి కొన్నవాడు ఒకడు, రివ్యూల్లో బెంచ్‌మార్క్‌లు చూసి కొన్నవాడు ఇంకొకడు అనుకోండి. రెండోవాడు చూసిన ఫ్రేమ్ రేట్లు అసలైన కార్డు మీద, ఆ నెమ్మది మెమరీతో సహా తీసినవే. అతను చూసిన పర్ఫార్మెన్సే అతనికి వచ్చింది. కంపెనీ లాయర్ మొదట పట్టుకునేది ఇదే. మొదటివాడి వాదన కాస్త బలమైనది: 4కే గేమింగ్ కోసం, ముందు ముందు పెరిగే మెమరీ అవసరం కోసం 4 జీబీ అంకె చూసే కొన్నాను, అది తెలిసుంటే ఫలానా కార్డు కొనేవాడిని అని. ఆ ఫలానా కార్డు పేరు, ఆ రోజు దాని ధర చెప్పగలిగితే ఇంకా బలం.

రివ్యూలు చదివి కొనే అలవాటు మంచిదే. కానీ కేసు దాకా వస్తే, మీరు దేన్ని నమ్మి కొన్నారనేది ముఖ్యం. అసలు విషయం బయటపెట్టిన రివ్యూ కొనకముందే చదివి ఉంటే, "నాకు తెలియదు" అనే మాటకు బలం ఉండదు.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లో ఫోన్ కొన్న మీ సంగతి. మన వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడ కూడా రెండు దారులు విడివిడిగా ఉన్నాయి.

మొదటి దారి సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ, సీసీపీఏ. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 21వ సెక్షన్ కింద రూ. 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ. 50 లక్షల వరకు పెనాల్టీ వేయొచ్చు. ప్రచారం చేసిన సెలబ్రిటీలు, ఇన్‌ఫ్లూయెన్సర్లకూ ఇది తగులుతుంది. మంచిదే, కానీ శాంసంగ్ కేసులో లాగే ఆ డబ్బు మీ పరిహారం కాదు.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. ఇక్కడ మన చట్టం కాస్త ఉదారంగా ఉంటుంది. 39వ సెక్షన్ ప్రకారం కమిషన్ లోపాన్ని సరిచేయమనొచ్చు, వస్తువు మార్చి ఇమ్మనొచ్చు, కట్టిన ధరను వడ్డీతో తిరిగి ఇమ్మనొచ్చు. వీటికి తోడు, ఎదుటి పక్షం నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం కూడా ఇప్పించొచ్చు. అంటే రీఫండ్ వేరు, పరిహారం వేరు. చాలా ఫిర్యాదుల్లో ఈ రెండింటినీ కలిపేసి "రీఫండ్ ప్లస్ లక్ష రూపాయల కాంపెన్సేషన్" అని ఒక్క లైన్‌లో రాస్తారు. ఆ లక్ష ఎక్కడి నుంచి వచ్చింది అంటే జవాబు ఉండదు.

సుప్రీంకోర్టు ఈ విషయం 2004లోనే చెప్పింది. ఘజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో, అన్ని ఫిర్యాదులకూ కళ్లు మూసుకుని ఒకే 18 శాతం వడ్డీ వేయడం సరికాదంది. ప్రతి కేసులో నష్టం జరిగిందా, ఎంత జరిగిందని తేల్చి, పరిహారాన్ని దానికి ముడిపెట్టాలంది. అదే తీర్పులో మానసిక వేధింపు, ఇబ్బంది కూడా పరిహారం కిందికి వస్తాయని చెప్పింది. కాబట్టి మన దగ్గర "మానసిక వేదన" కింద కొంత అడగడంలో తప్పు లేదు. కానీ అదొక్కటే ఆధారంగా పెట్టుకుంటే ఎంత వస్తుందనేది పూర్తిగా కమిషన్ విచక్షణ మీద ఉంటుంది.

ఇంకో తీర్పు తప్పక తెలుసుకోవాలి. జనరల్ మోటార్స్ కేసు, 2014. షెవర్లే ఫారెస్టర్ కారును ఎస్‌యూవీ అని ప్రచారం చేసి అమ్మారని ఒక కొనుగోలుదారుడు ఫిర్యాదు చేశాడు. జాతీయ కమిషన్ కంపెనీ మీద రూ. 25 లక్షల శిక్షాత్మక పరిహారం వేసింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఫిర్యాదులో ఆ పరిహారం అడగనే లేదు, దానికి కావలసిన వాస్తవాలు రాయలేదు, కంపెనీకి జవాబు చెప్పుకునే అవకాశం రాలేదు అనేది కారణం. మనకు పాఠం ఏంటంటే, ఫిర్యాదులో లేనిది తీర్పులో నిలబడదు. మీ నష్టం ప్రతి పద్దూ మొదటి రోజే కాగితం మీద ఉండాలి.

ఏ రుజువు దేనికి పనికొస్తుంది?

గాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక అడ్వాంటేజ్ ఉంది. కొలవడం మనకు అలవాటే. ఆ అలవాటును సరైన చోట వాడాలి.

ముందు నమ్మకానికి రుజువు. కొనే రోజే ప్రోడక్ట్ పేజీ, యాడ్, బాక్స్ వెనక రాసింది సేవ్ చేసుకోండి. అడ్రస్ బార్, తేదీ కనపడేలా ఫుల్ పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. స్క్రీన్‌షాట్ తేదీ ఇన్‌వాయిస్ తేదీ కంటే ముందు ఉండాలి. గొడవ మొదలయ్యాక తీసిన స్క్రీన్‌షాట్ కంపెనీ ఏం చెప్పిందో చూపిస్తుంది కానీ, మీరు అది చూసి కొన్నారని చూపించదు. కొనకముందు సేల్స్‌మన్‌తో, ఫ్రెండ్‌తో చేసిన చాట్ కూడా విలువైనదే. "బీచ్‌కి తీసుకెళ్లొచ్చట, అందుకే ఇది తీసుకుంటున్నా" అని కొనే ముందు రోజు రాసిన ఒక్క మెసేజ్, తర్వాత రాసిన పది పేజీల కంటే బరువైనది.

రెండోది కుడి కాలమ్‌కి రుజువు. కార్ట్‌లో పెట్టి తీసేసిన ఫోన్, కంపేర్ చేసిన పేజీ, విష్‌లిస్ట్, ఆ రోజు వాటి ధరలు. ఇవి లేకపోతే "వేరేది కొనేవాడిని" అనేది ఉత్త మాటే.

మూడోది లోపానికి రుజువు. ఇంట్లో తీసిన టెస్ట్ వీడియో పనికొస్తుంది, కానీ పద్ధతి కనపడాలి. ఛార్జింగ్ స్పీడ్ అయితే కంపెనీ ఇచ్చిన అడాప్టర్, కేబుల్ వాడారా, బ్యాటరీ ఎంత శాతం దగ్గర మొదలుపెట్టారు, గది వేడి ఎంత అన్నీ చెప్పండి. 80 శాతం దగ్గర వాట్లు తగ్గడం ఏ ఫోన్‌కైనా మామూలే, అది చూపించి అబద్ధం అంటే మీ కేసే తేలిపోతుంది. పరీక్ష లేకుండా తేలని లోపమైతే 38వ సెక్షన్ కింద కమిషన్ ఆ వస్తువును ల్యాబ్‌కి పంపొచ్చు. దాని ఫీజు ముందు మీరు కట్టాల్సి రావొచ్చు. అందుకే గొడవ తేలేదాకా ఫోన్ అమ్మేయకండి, బయట షాపులో విప్పించకండి.

నాలుగోది అంకెలకు రుజువు. రిపేర్ బిల్లు, సర్వీస్ సెంటర్ జాబ్ షీట్, డేటా రికవరీ ఖర్చు, ఈలోగా అద్దెకు తెచ్చుకున్న ఫోన్ రసీదు. జాబ్ షీట్ మీద సమస్య ఏం రాశారో సంతకం పెట్టేముందు చదవండి. "కస్టమర్ పొరపాటు" అని రాసిన కాగితం మీద మీ సంతకం ఉంటే దాన్ని తర్వాత తుడవడం కష్టం.

ఫొటోలు, వీడియోలు, చాట్‌లు ఎలక్ట్రానిక్ రికార్డులు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద వీటికి ఒక సర్టిఫికెట్ ఉంటుంది, అందులో ఫైల్ హ్యాష్ వాల్యూ రాయాలి. ఒరిజినల్ ఫైల్‌ను ఎడిట్ చేయకుండా, వాట్సాప్‌లో కంప్రెస్ అవ్వకుండా పక్కన దాచుకుంటే ఆ పని తేలికవుతుంది.

ఫిర్యాదులో ఆ ఒక్క పేరా

పైవన్నీ ఉన్నాక, ఫిర్యాదులో నష్టం గురించి రాసే పేరా ఇలా ఉండాలి:

"ఫలానా తేదీన కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ ఫోన్‌ను ఈత కొలనులో వాడవచ్చని చూపారు (జత 1). అది నమ్మి మరుసటి రోజు రూ. 27,999కి కొన్నాను (జత 2). ఆ ప్రకటన లేకపోతే అదే రోజు రూ. 24,999కి దొరుకుతున్న, నేను పోల్చి చూసిన మోడల్ కొనేవాడిని (జత 3), పూల్‌లో వాడేవాడిని కాదు. పూల్‌లో వాడినందువల్ల పోర్ట్ పాడై రూ. 4,800 ఖర్చయింది (జత 4). కాబట్టి నా నష్టం రూ. 3,000 + రూ. 4,800 = రూ. 7,800. దీనికి అదనంగా మానసిక ఇబ్బందికి, ఖర్చులకు తగిన మొత్తం కోరుతున్నాను."

ఇందులో కోపం లేదు, విశేషణాలు లేవు. ప్రతి అంకె వెనకా ఒక కాగితం ఉంది. ఎదుటి లాయర్ దేన్ని కొట్టేయాలన్నా ఆ కాగితాన్ని కొట్టేయాలి.

నష్టం రుజువు చేయలేకపోతే?

కుడి కాలమ్ రాయలేని పరిస్థితి చాలామందికి ఉంటుంది. అప్పుడు "తప్పుదోవ పట్టించారు" అనే దారి పట్టుకుని వేలాడకండి. వస్తువులో లోపం ఉంది, లేదా చెప్పిన వివరణకు సరిపోలేదు అనే దారి చూడండి. ఆస్ట్రేలియాలో వస్తువు నాణ్యత సరిగ్గా ఉండాలని 54వ సెక్షన్, వివరణకు సరిపోవాలని 56వ సెక్షన్ గ్యారంటీ ఇస్తాయి. పెద్ద లోపమైతే రీఫండా, రీప్లేస్‌మెంటా అనేది కొన్నవారి ఇష్టం. అక్కడ రెండు ప్రపంచాల లెక్క అక్కర్లేదు. మన దగ్గర కూడా లోపం రుజువైతే 39వ సెక్షన్ కింద రిపేర్, రీప్లేస్‌మెంట్, రీఫండ్ అడగొచ్చు.

ముందు 1915 నంబర్‌కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కాల్ చేయండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. వస్తువు ధర రూ. 5 లక్షల లోపైతే కమిషన్ ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. మీరు ఉండే చోటో, పని చేసే చోటో ఉన్న కమిషన్‌లో వేసుకోవచ్చు, కంపెనీ హెడ్ ఆఫీస్ ఉన్న ఊరికి వెళ్లక్కర్లేదు. గడువు మాత్రం రెండేళ్లు.

ఈసారి కొత్త ఫోన్ ఆర్డర్ పెట్టే ముందు రెండు నిమిషాలు ఆగండి. ఏ మాట నమ్మి కొంటున్నారో దాని స్క్రీన్‌షాట్ ఒకటి, వద్దనుకున్న రెండో ఫోన్ ధర స్క్రీన్‌షాట్ ఒకటి తీసి ఇన్‌వాయిస్‌తో పాటు ఒక ఫోల్డర్‌లో పడేయండి. అంతా బాగుంటే ఆ ఫోల్డర్ మళ్లీ తెరవాల్సిన పనే ఉండదు. తేడా వస్తే, మీ రెండు కాలమ్‌లూ అప్పటికే సగం నిండి ఉంటాయి.